పదిహేడు అంగుళాల బల్ల

ఆమె నాతో అన్న మొదటి మాట, "మీ పొట్టు మీ దగ్గరే ఉంచుకోండి."

నేను చిత్రిక పడుతుంటే లేచిన చెక్కపొట్టు గాలికి రోడ్డు దాటి, ఆమె అప్పుడే రంగు వేసిన ఇనప గేటుకి అంటుకుందట. వెళ్లి చూశాను. నిజంగానే గేటుకి ఒళ్లంతా పొట్టే.

"మరి మీ నిప్పురవ్వలు వచ్చి మా టీపాయ్ పాలిష్ మీద మచ్చలు వేశాయి. అవి ఎవరు ఉంచుకోవాలి?" అన్నాను.

"అవి మచ్చలు కాదు, డిజైన్. ఎక్స్‌ట్రా ఛార్జి అడగనందుకు థాంక్స్ చెప్పండి."

వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, చెంప మీద మసితో, అంత సీరియస్‌గా అనేసరికి నిజంగానే థాంక్స్ చెప్పేశాను. నేను వాదనలో ఓడిపోవడమంటే మా వీధిలో అది వార్త.

మాది పెదనాన్న వడ్రంగి షాపు. ఎదురుగా వాళ్ల నాన్నగారి వెల్డింగ్ షెడ్డు. ఆమె చదువు ముగించుకుని షెడ్డులో పనికి దిగి అప్పటికి వారం. వాళ్ల నాన్నగారిని వీధి వీధంతా బాబాయ్ అంటుంది. నేనూ అనేవాణ్ణి, ఆ పొట్టు గొడవ దాకా. మర్నాటి నుంచి సార్ అనడం మొదలుపెట్టాను.

"నిన్నటిదాకా బాబాయ్, ఇవాళ సారేంట్రా?" అన్నాడు పెదనాన్న.

"గౌరవం, పెదనాన్నా."

ఆయన నన్ను చూసి, ఎదురు షెడ్డు చూసి, మళ్లీ నన్ను చూశాడు. "గౌరవమేనా? బాబాయ్ అంటే ఆ పిల్ల చెల్లెలి వరసవుతుందని భయమా?"

నేను రంపం తీసుకుని, అవసరం లేని కర్ర ఒకటి కోయడం మొదలుపెట్టాను.

మూడు నెలలు తిరిగేసరికి ఆమె పని నాకు కంఠతా వచ్చేసింది. ఆమె అతుకు వేస్తే అతుకెక్కడుందో వెతుక్కోవాలి, అంత శుభ్రం. ఒక్కటే లోపం. ఇనుము వృథా కాకూడదన్న యావలో ఏది కోసినా అర అంగుళం తక్కువ కోస్తుంది. గడియకి అందక రెండు గేట్లు తిరిగొచ్చాయి. రెండోది తిరిగొచ్చిన రోజు వాళ్ల నాన్నగారు అన్నం తినలేదు.

నాకేమీ లోపాలు లేవని కాదు. నన్నందరూ చిత్రిక అనే పిలుస్తారు. నునుపు చేయడం మొదలుపెడితే నా చెయ్యి ఆగదు. "నీకు దుంగ ఇస్తే పోస్టుకార్డు చేసి ఇస్తావు" అంటాడు పెదనాన్న.

అలాంటి రోజుల్లో లైబ్రరీ మేడమ్ షెడ్డుకొచ్చింది. ఫోన్లో ఫోటో చూపించింది. మోటు చెక్క, నల్లటి ఇనప కాళ్లు, పొట్టిగా ఒక కాఫీ టేబుల్.

"రీడింగ్ రూంలో కిటికీ కింద వేయాలి. కిటికీ నేలకి బాగా దగ్గర, రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. రెక్క బల్ల మీదుగా తిరగాలి కాబట్టి ఎత్తు పదిహేడు అంగుళాలు దాటకూడదు. ఇక మా బడ్జెట్ అంటారా..."

ఆవిడ చెప్పిన బడ్జెట్ విని వాళ్ల నాన్నగారు నవ్వేశారు. ఆ నవ్వు ఆగేలోపే ఆమె "చేస్తాం మేడమ్" అంది.

మేడమ్ వెళ్లాక ఆయన నవ్వలేదు. రోడ్డు ఇవతలికి కూడా వినపడింది. "చూడు చిట్టీ. రెండు గేట్లు తిరిగొచ్చాయి. ఇదీ తిరిగొచ్చిందంటే సోమవారం మెషీన్ అమ్మేసి షెడ్డు అద్దెకిచ్చేస్తా. నిలబడిందా, షెడ్డు నీది. మళ్లీ ఆ మాటెత్తను."

ఐదు నిమిషాల తర్వాత ఆమె మా గుమ్మంలో ఉంది.

"మీతో పనుంది," అంది.

"నాతో అవసరం పడిందా?"

"అవసరం బల్లకి. నాకు కాదు."

ఆ వారం నా జీవితంలోకెల్లా మంచి వారం. మెషీన్ల కంపెనీ గోడౌన్ వెనక పారేసిన ప్యాకింగ్ పెట్టెల చెక్కలు, ఊరికే తీసుకెళ్లమన్నారు. పాత సామాన్ల కొట్లో విరిగిన ఇనప మంచం ఒకటి దొరికింది. బేరం ఆమె ఆడింది. కొట్టు యజమాని చివరికి "తీసుకెళ్లమ్మా, నన్నొదిలెయ్" అన్నాడు. మంచం పట్టీలు బల్లకి కాళ్లవుతాయి. చెక్కల్లోంచి ఇద్దరం కూర్చుని మేకులు పీకాం. నేను నూట పది, ఆమె నూట పదమూడు. ఆ మూడూ నేను కావాలనే వదిలానని ఆమెకి ఇప్పటికీ తెలీదు.

"ఈ మేకు కన్నాలు పూడ్చనా?" అని అడిగాను.

"వద్దు, అవే అందం. మీ చిత్రిక కాస్త దూరంగా పెట్టండి. నాకు దాన్ని చూస్తే భయమేస్తోంది."

చెక్క పైపైన కమిలేలా ఆమె గ్యాస్ మంట పట్టి లాగుతుంటే, వెనకే నేను గుడ్డతో మైనం రుద్దాను. చెక్క చారలన్నీ పైకి తేలి, బల్ల నిగనిగలాడింది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం. ఆమె ముందు చూపు తిప్పుకుంది. నేను అసలు తిప్పుకోలేదు, దాపరికం ఎందుకు.

శనివారం బల్ల తీసుకెళ్లాం. వాళ్ల నాన్నగారే బండి నడిపారు. కిటికీ కింద పెట్టగానే, అప్పటిదాకా నిలబడి చదువుతున్న ఒక పెద్దమనిషి వచ్చి, అడగకుండానే తన పేపరు దాని మీద పరుచుకున్నాడు. మేడమ్ అరచేత్తో బల్లని నిమిరింది. వాళ్ల నాన్నగారి వెనక నుంచి ఆమె నన్ను చూసి కళ్లతో నవ్వింది.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. జల్లు లోపలికి కొడుతోంది. మేడమ్ కిటికీ రెక్క లాగింది. రెక్క వచ్చి బల్ల అంచుకి టక్కుమని కొట్టుకుని ఆగిపోయింది.

పెద్దమనిషి పేపరు తడిసిపోయింది. నేనూ ఆమే బల్లని పక్కకి లాగితే గానీ కిటికీ మూతపడలేదు. వాళ్ల నాన్నగారు టేపు తీసి కొలిచారు. పద్దెనిమిది. ఆయన టేపు మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది. ఆమె మొహం పాలిపోయింది. షెడ్డు ఆమె కళ్ల ముందే చేజారిపోతోంది.

"తప్పు నాది నాన్నా," అంది. "కాళ్లు అర అంగుళం ఎక్కువ కోశాను. కావాలనే."

"తేడా అంగుళం ఉంది కదమ్మా."

"మిగతా అర నాది, సార్," అన్నాను. "చెక్క అర అంగుళం మందంగా వదిలాను. నేనూ కావాలనే."

"ఎందుకు?" అంది ఆమె, నా వైపు తిరిగి.

"మీరెప్పుడూ అర అంగుళం తక్కువ కోస్తారు కదా. కాళ్లు పొట్టివైతే మళ్లీ మాట మీకొస్తుందని, చెక్కతో సర్దుదామనుకున్నా. మరి మీరు?"

"నువ్వెప్పుడూ చెక్కని అరగదీసేస్తావు కదా. పలచబడితే నిన్నంటారని, కాళ్లు పెంచాను." నువ్వు అనేసిందని ఆమెకి ఆలస్యంగా తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి.

వాళ్ల నాన్నగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "అంటే మూడు నెలలుగా మీరిద్దరూ ఎవరి పని వాళ్లు చూసుకోకుండా, ఎదుటివాళ్ల పని చూస్తూ కూర్చున్నారన్నమాట."

మేడమ్ నవ్వు ఆపుకుంటోంది. "వాన తగ్గేదాకా ఇక్కణ్ణించి ఎవరం కదలం. అప్పటిదాకా మీకు టైముంది. అప్పటికీ సరి కాకపోతే బల్ల వద్దు, బండెక్కించెయ్యండి."

బండిలోంచి పనిముట్ల సంచీ తెచ్చి, బల్లని వరండాలోకి మోసుకెళ్లి తిరగేశాం. ఆమె బోల్టులు విప్పి, గ్రైండర్ పెట్టి ఒక్కో కాలికీ అర అంగుళం కోసింది. ఈసారి ప్రతి కాలూ మూడుసార్లు కొలిచింది. చెక్క మొత్తం పలచన చేసే టైము లేదు. కాళ్ల పైన బోల్టులు బిగించే అరచేయంత పలకలున్నాయి. అవి కూర్చునే చోట మాత్రం ఉలితో అర అంగుళం లోతు గుంటలు తీశాను, నాలుగు. పలకలు లోపలికి దిగితే బల్ల అంత కిందికి దిగుతుంది. నా చెయ్యి ఆగాల్సిన చోట ఆగింది. జీవితంలో మొదటిసారి వాన తగ్గకూడదని మొక్కుకున్నాను. అది సన్నబడుతోంది. నాలుగో గుంట దగ్గర ఇంకా సన్నబడింది. ఆమె చివరి బోల్టు బిగిస్తుంటే చూరు నుంచి చినుకులు లెక్కపెట్టేలా రాలుతున్నాయి.

బల్ల మళ్లీ కిటికీ కిందికి వెళ్లింది. మేడమ్ రెక్క తెరిచి, మళ్లీ వేసింది. రెక్క బల్ల మీదుగా చప్పుడు లేకుండా తిరిగింది. ఆవిడ తన లైబ్రరీ కార్డు ఒకటి తీసి సందులో దూర్చి చూసింది. సరిగ్గా పట్టింది.

"పిల్లల గదికి ఇలాంటివే ఇంకో నాలుగు కావాలి," అంది ఆమెతో. "కొలతలు మాత్రం ఇద్దరూ మాట్లాడుకుని వెయ్యండి."

వాళ్ల నాన్నగారు జేబులోంచి షెడ్డు తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టారు. ఆమె కళ్లు తుడుచుకుని చేతి మసంతా మొహానికి పూసుకుంది. నేను అంత అందమైన మొహం చూడలేదు, ఇక చూడను కూడా.

వరండాలో సామాన్లు సర్దుతుంటే అంది. "ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా నా తప్పు దిద్దకు. ఏదున్నా మొహం మీదే చెప్పు."

"ఏదైనా?"

"ఏదైనా."

"అయితే నువ్వంటే నాకిష్టం. పొట్టు గొడవ నాటి నుంచి."

"తెలుసు," అంది స్పానర్ సంచీలో వేస్తూ. "ఆ మర్నాడే మా నాన్న సార్ అయిపోయాడుగా. నాకూ ఇష్టమే. లేకపోతే నీ చెక్క మందం నాకెందుకు?"

వెనక దగ్గు వినపడింది. ఆయన ఎంతసేపటి నుంచి ఉన్నారో.

"అది కాదు, సార్..." అన్నాను.

"ఆ సార్ ఇక మానెయ్ బాబూ. వినలేక చస్తున్నా." ఆయన సంచీ ఎత్తి బండిలో పెట్టారు. "అలాగని మళ్లీ బాబాయ్ అనకు. మావయ్య అను."

"అలాగే మావయ్యా," అన్నాను. బండెక్కాక కూడా, ఏ పనీ లేకపోయినా, ఇంకో రెండుసార్లు పిలిచాను.