చెరిపేసిన పది వరుసలు

"ఈ పసుపుపచ్చ పొట్లం ఇక్కడ ఎవరు పెట్టారు?"

రుయ్‌లిన్ గొంతు వినగానే టెస్టింగ్ గదిలో అందరూ తలలు వంచుకున్నారు. షిన్‌చూ ఊళ్ళోని ఆఫీసుల్లో మిషన్ల మీద చిరుతిండి పొట్లం పెట్టేది అవి బుద్ధిగా పనిచేయాలని. అది ఆకుపచ్చదే కావాలి. పసుపుది పెడితే మిషను పడకేస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు.

"నేనే," అని చెయ్యెత్తాడు కొత్తగా చేరిన టెస్టర్ షావ్‌ఛీ. "కొట్లో ఆకుపచ్చవి అయిపోయాయి. రంగులో ఏముందిలే అనుకున్నాను."

"రంగులో ఏముందా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమీ నేర్పలేదా?"

"నేర్పారు. ఆకలేస్తే పొట్లం విప్పుకుని తినమన్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. రుయ్‌లిన్ నవ్వలేదు. ఆ మిషన్లో ఉన్నది ఆమె రెండేళ్ళ కష్టం. ఆసుపత్రుల కోసం చేస్తున్న ఫ్లాష్ డ్రైవ్. రోగి రికార్డు చెరిపితే అది నిజంగానే చెరిగిపోవాలి, డ్రైవ్ వేగం మాత్రం తగ్గకూడదు. పరీక్షకు మూడే అవకాశాలు. మూడోదీ తప్పితే ఈ పని తైపే బృందం చేతికి పోతుంది.

పరీక్షకు ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. డ్రైవ్ చేసినవాళ్ళు అందులో తమకు తోచిన పది వరుసలు రాసి, చెరిపి ఇస్తారు. టెస్టర్ చిప్పును విప్పి వెతుకుతాడు. ఒక్క వరుస దొరికినా డ్రైవ్ ఓడినట్టే.

కోపం చల్లారకముందే రుయ్‌లిన్ ఆ పది వరుసలూ రాసింది.

మర్నాడు షావ్‌ఛీ ఆమె బల్ల దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"'కొత్త టెస్టర్ చొక్కా ఇస్త్రీ చేసుకోడు. నడిస్తే బాతు నడిచినట్టుంటుంది.' ఇంకా ఎనిమిది ఉన్నాయి. చదవమంటారా?"

రుయ్‌లిన్ మొహం కందిపోయింది. "చెరిపేశాను కదా!"

"చెరపలేదండీ, చెరిపినట్టు గుర్తు పెట్టారు. ఫ్లాష్‌లో ఒక్క పేజీ చింపడం కుదరదు, చింపితే పుస్తకమంతా చింపాలి. అది కష్టమని పేజీ మీద 'ఇది లేదు' అని రాసి ఊరుకున్నారు. నేను ఉన్నదే చదివాను."

"నాకు పాఠాలు చెప్పక్కర్లేదు."

మరుసటి రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కాలర్ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. రుయ్‌లిన్ కంప్యూటర్ చాటున తల దాచుకుని నవ్వుకుంది.

రెండోసారి ఆమె పుస్తకమంతా చింపింది. ఒక రికార్డు చెరపాల్సినప్పుడల్లా పక్కనున్న వాటన్నిటినీ వేరేచోటికి ఎత్తి రాయించి, పాతచోటంతా తుడిపించింది. షావ్‌ఛీకి ఒక్క అక్షరం దొరకలేదు.

"అయినా తప్పింది," అన్నాడు నొచ్చుకుంటూ. "మీ డ్రైవ్ ఒక రికార్డు చెరిపేలోపు రోగికి జబ్బు నయమై ఇంటికెళ్ళిపోతాడు."

ఆ సాయంత్రం బయట వాన. షిన్‌చూ గాలికి రుయ్‌లిన్ గొడుగు తామరాకులా పైకి విచ్చుకుంది. షావ్‌ఛీ తన రెయిన్‌కోటు ఆమె తలమీద కప్పాడు. ఇద్దరూ పరుగెత్తి బజారులో ఆమె అమ్మ నడిపే టోఫు బండి కిందికి దూరారు.

అమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఇతనేనా బాతు?"

"అమ్మా!"

"ఇంట్లో కూడా నా గురించేనా?" షావ్‌ఛీ మొహం వెలిగిపోయింది.

"రోజూ నువ్వే బాబూ. కూర్చో, తిను." అమ్మ వేపిన టోఫు పళ్ళెం ముందుంచి, పక్కన బుల్లి గిన్నెలో కారం పెట్టింది.

"నేను కారం తినలేను పిన్నిగారూ. పళ్ళెం మార్చాలా?"

"పళ్ళెం ఎందుకూ? గిన్నె తీసేస్తే సరి. కారం టోఫు మీద పోస్తే పళ్ళాలన్నీ కడుగుతూ కూర్చోవాలి, ఇక్కడ బేరమంతా ఆగిపోతుంది. ఇంత గిన్నె కడగడం ఎంతసేపు?"

రుయ్‌లిన్ చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.

"తాళంచెవులు!" అంది. "ఒక్కో రికార్డుకు ఒక్కో తాళం వేస్తాను. చెవులన్నీ ఒక బుల్లి గిన్నెలో పెడతాను. చెరపాల్సి వస్తే రికార్డు జోలికే వెళ్ళను. మిగతా చెవులు ఇంకో గిన్నెలోకి వంపి, పాత గిన్నె కడిగేస్తాను. చెవి పోయాక ఆ రికార్డు ఎవరికి దొరికినా చదవలేరు!"

"మీరు గెలిచేట్టున్నారు," అన్నాడు షావ్‌ఛీ. అతని గొంతులో తన ఓటమికే సంబరం.

మూడోసారి పది వరుసలు రాయడానికి ఆమెకు అరగంట పట్టింది. చెరపడానికి రెప్పపాటు.

షావ్‌ఛీ రెండు రోజులు వెతికాడు. మూడో రోజు మధ్యాహ్నం వేలాడేసిన మొహంతో వచ్చాడు.

"అర్థంలేని అక్షరాలు తప్ప ఏమీ లేవు. వేగం పిసరంత కూడా తగ్గలేదు. గెలిచారు."

"మరి ఆ మొహమేమిటి?"

"ఈసారి మీరు నవ్వుతూ రాశారు. అద్దాల తలుపులోంచి చూశాను. రిపోర్టు మీద సంతకం పెట్టేశాను. కానీ ఏం రాశారో చదవాలని ప్రాణం కొట్టుకుంది. ఇక ఎవరివల్లా కాదు కదా?"

"కాదు. చెవి నా దగ్గర కూడా లేదు."

అతను తలూపి వెనక్కి తిరిగాడు. అంత పకడ్బందీగా చెరిపినందుకు రుయ్‌లిన్‌కు తన మీదే కోపం వచ్చింది.

"షావ్‌ఛీ! ఒకటే వాక్యం. పదిసార్లు రాశాను."

"ఏ వాక్యం?"

"'ఈ మనిషి నాకు నచ్చాడు.'"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "పదిసార్లా?"

"పది వరుసలనే కదా మీ రూలు. లేకపోతే ఇంకా రాసేదాన్ని."

గది అవతలినుంచి మేనేజర్ కేకేశాడు. "ఏమయ్యా షావ్‌ఛీ, ఏమైనా దొరికిందా?"

అతను ఆమె మీదనుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"డ్రైవ్‌లో ఏమీ దొరకలేదు సార్."