ఎడమ చెయ్యెత్తిన రేవు

"ఇది కూడా చెల్లదు," అంది మారిఫే. కాగితాన్ని బల్ల మీదుగా జున్‌రే ముందుకు తోసింది.

సెబూ దీవి రేవులో ఓడలు నడిపే ఆ కంపెనీలో ప్రతి గురువారం మార్పుల మీటింగ్ జరుగుతుంది. కంప్యూటర్లలో ఎవరు ఏది మార్చాలన్నా అక్కడికి రావాలి. ఏం మారుస్తారో చెప్పాలి. అది పనిచేస్తుందని ముందే ఎలా తేల్చుకుంటారో టెస్ట్ ప్లాన్ రాసి చూపించాలి. మారిఫే ఒప్పుకుంటే మార్పు జరుగుతుంది. ఆమె ఒప్పుకోవడం అరుదు.

జున్‌రే తెచ్చింది చిన్న పని. రేవులో ఓడల వేళలు చెప్పే పాత మైకు తీసేసి, టైపు చేస్తే తనే గట్టిగా చదివే కొత్త యంత్రం పెట్టాలి. పని చిన్నదే. మనిషే బద్ధకస్తుడు.

"తప్పేముంది మేడమ్?"

"టెస్ట్ ప్లాన్ అని పైన రాసి, కింద ఏం రాశావో చదువు."

"పెట్టి చూస్తాం."

"పెట్టి చూడ్డానికి అదేమన్నా టోపీయా?"

బల్ల చుట్టూ నవ్వారు. అందరికంటే గట్టిగా మనాంగ్ పాసింగ్ నవ్వింది. హెల్ప్ డెస్కులో తల నెరిసిన మనిషి. కంపెనీలో అందరికీ మనాంగ్, అంటే అక్క. ఎవరు తిట్లు తింటున్నా ఆమెకు పండగే.

"పోయిన వారం 'బాగానే ఉంటుంది' అని రాశావు," అంది మారిఫే. "అంతకుముందు 'దేవుడి దయ' అని రాశావు."

"దేవుడి దయ కూడా చెల్లదా మేడమ్?"

"ఆయన ఈ మీటింగుకు రాలేదు. వస్తే ఆయన్నీ టెస్ట్ ప్లాన్ అడుగుతాను."

జున్‌రే ఈ చీవాట్ల కోసమే వస్తున్నాడు. మంచి ప్లాన్ రాస్తే ఒక్క గురువారంతో పని తీరిపోతుంది. చెత్తగా రాస్తే వచ్చే గురువారం కూడా ఆమె ఎదురుగా కూర్చోవచ్చు. ప్రేమలో పడ్డాక మగవాడు ఇలాంటి వెధవ లెక్కలే వేస్తాడు.

ఆ రోజు లెక్క తప్పింది. మీటింగయ్యాక మారిఫే మెట్ల దగ్గర ఆగింది.

"నాకు ఆటలాడేవాళ్ళు నచ్చరు జున్‌రే. మా నాన్న ఓడలో పనిచేసేవాడు. ఒకసారి ఎవడో ఇంజను బాగుచేసి, నడిపి చూడకుండానే బయల్దేరనిచ్చాడు. పగలంతా నడిసముద్రంలో ఆగిపోయారు. ఓడ నిండా పందులు. ఆ కంపు మా ఇంట్లో ఏడాది పోలేదు. ఇంకోసారి ఇలాంటి కాగితం తెచ్చావో, నీ పని వేరేవాళ్ళకు అప్పగిస్తాను. నా ఎదుట కూర్చోనివ్వను."

జున్‌రే ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ కుర్చీ పోతే ఇక తనకు మిగిలేదేమీ లేదు.

"ఎలా రాయాలో మీరే చెప్పండి మేడమ్. నిజంగా నేర్చుకుంటాను."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. బయట వాన మొదలైంది. ఎలాగూ కదలడానికి లేదు. ఎదురుగా ఉన్న పూటకూళ్ళ కొట్టులో కూర్చున్నారు.

"పరీక్ష కంటికి కనబడాలి," అంది అన్నం కలుపుకుంటూ. "యంత్రం మాట్లాడింది. జనానికి వినబడిందని నీకెలా తెలుస్తుంది?"

"అడుగుతాను."

"వినబడకపోయినా మర్యాదకు వినబడిందనే అంటారు. మన ఊళ్ళో ఎవరైనా ఎదుటివాళ్ళకు కాదని చెప్పడం చూశావా?"

"మిమ్మల్ని చూశాను."

ఆమెకు పొలమారింది. నీళ్ళు తాగింది. నవ్వు ఆపుకోవడానికే తాగింది.

ప్లేటులో కూర చుట్టి వేయించిన లుంపియా ఒక్కటి మిగిలింది. చివరి ముక్క ముందుగా తీసుకోవడం సిగ్గుమాలిన పని కాబట్టి ఇద్దరూ ముట్టుకోలేదు. వాన కురుస్తూనే ఉంది. లుంపియా చల్లారిపోయింది. చివరికి జున్‌రే దాన్ని విరిచి ఒక ముక్క ఆమె ప్లేటులో పెట్టాడు.

"సరిగా విరవలేదు. నాది పెద్దది."

"సరిగానే విరిచాను."

మారిఫే తల వంచుకుని తినేసింది.

మరుసటి గురువారం జున్‌రే చొక్కా ఇస్త్రీ చేయించుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. ప్లాన్ చదివాడు.

"యంత్రం చేత ఇలా చెప్పిస్తాం: 'ఈ మాట విన్నవారందరూ లేచి నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తండి. దించమనేదాకా దించకండి.' టెస్ట్ గదిలో మనాంగ్ పాసింగ్ కూర్చుంటుంది. చెయ్యెత్తితే వినబడినట్టు. ఎత్తకపోతే లేనట్టు."

"నన్ను బొమ్మను చేశావు కదరా దొడోంగ్," అంది పాసింగ్, తమ్ముణ్ణి పిలిచినట్టు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు.

ప్లాన్‌లో ఒక గడి ఖాళీగా ఉంది. మాట ఏ స్పీకర్లలో వినబడుతుందో రాయాల్సిన గడి. జున్‌రే మరిచిపోయాడు. మారిఫే ఎవరినైనా మొట్టమొదట అడిగేది దాని గురించే. ఆ రోజు అడగలేదు. కాగితం వైపు తిరిగింది, జున్‌రే వైపు తిరిగింది, సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున పాసింగ్ టెస్ట్ గదిలో స్పీకరు కింద కూర్చుంది. జున్‌రే బటన్ నొక్కాడు. గది నిశ్శబ్దం. పాసింగ్ చెయ్యెత్తలేదు.

మళ్ళీ నొక్కాడు. లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. గట్టిగా నొక్కితే యంత్రానికి బుద్ధి వస్తుందని అతని నమ్మకం.

"దొడోంగ్," అంది పాసింగ్ కిటికీలోంచి చూస్తూ. "నాకు వినబడలేదు గానీ, వాళ్ళకు బాగా వినబడింది."

యంత్రం టెస్ట్ గదిలో కాక రేవు స్పీకర్లలో మాట్లాడింది. కింద రేవులో జనమంతా లేచి నిలబడి ఎడమ చెయ్యెత్తి ఉన్నారు. సన్యాసినులు ఎత్తారు. రొట్టెలమ్మే ఆవిడ గంప వదిలేసి ఎత్తింది. పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలు పోట్లాట ఆపకుండానే ఎత్తారు. ఒకాయన ఎడమ చేతిలో పందెంకోడి ఉంది. అది కూడా పైకి లేచి రెక్కలు కొట్టుకుంటోంది. బోహోల్ దీవికి వెళ్ళే ఓడ తలుపు తీసి ఉంది. ఎవరూ ఎక్కరు. పైన కెప్టెన్ కూడా చెయ్యెత్తి నిలబడ్డాడు.

జున్‌రే కిందికి పరుగెత్తాడు. "దించండి! దించేయండి!"

"నువ్వెవరయ్యా?" అన్నాడు కోడి ఆయన. "దించమని మైకులో చెప్పలేదు."

యంత్రం అదే మాట మళ్ళీ చెప్పింది. బటన్ నొక్కినన్ని సార్లూ అది చెప్పి తీరాలి. చేతులు ఇంకా నిటారుగా లేచాయి.

మారిఫే వానలో తడుస్తూ వచ్చింది. పాత మైకు వెతికి పట్టుకుని, వైరు తగిలించి, "దించండి," అంది. చేతులన్నీ ఒక్కసారి దిగాయి. ఆమె జున్‌రే వైపు చూడలేదు.

సోమవారం మేనేజరు గౌడెన్సియో అందరినీ కూర్చోబెట్టాడు. "ఓడ ఆలస్యమైంది. కెప్టెన్ భుజం పట్టేసింది. ఆ గడి ఖాళీగా ఉంటే ప్లాన్ మీటింగు ఎలా దాటింది?"

జున్‌రే లేచాడు. "తప్పంతా నాది సర్. గడి నింపాను. మేడమ్ చూశాక నేనే చెరిపేశాను."

అది నిజమైతే అతని ఉద్యోగం అక్కడితో సరి.

"అబద్ధం," అంది మారిఫే. "అది మొదటినుంచీ ఖాళీయే. నేను చదవకుండా సంతకం పెట్టాను."

గౌడెన్సియో కళ్ళజోడు తీశాడు. "నువ్వా? నా సొంత మార్పులనే తిప్పి కొట్టిన మనిషివి. కాగితం చూడకుండా ఏం చూశావు?"

మారిఫే చెవులు మిరపపళ్ళయ్యాయి.

"ఎదురుగా ఉన్నవాణ్ణి చూసింది సర్," అంది పాసింగ్. "ఆ రోజు ఇస్త్రీ చొక్కా కూడా వేసుకొచ్చాడు."

"ఊయ్!" అని గదంతా అరిచింది. ఒకరు బల్ల బాదారు. ఒకరు పక్కవాణ్ణి బాదారు. గౌడెన్సియో గోడ వైపు తిరిగి కాసేపు దగ్గాడు.

"ఇకనుంచి ఇతని ప్లాన్ నువ్వు చూడకూడదు. పాసింగ్ చూస్తుంది," అన్నాడు చివరికి. "వెళ్ళి ఆ కెప్టెన్‌కు ఇద్దరూ క్షమాపణ చెప్పండి."

రేవు మెట్లమీద సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరికీ ఒకే గొడుగు. జున్‌రే సగం తడుస్తున్నాడు.

"అబద్ధం ఎందుకాడావు?"

"మీ కుర్చీ పోతుందని."

"నీ ఉద్యోగం పోయేది."

"ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది మేడమ్. ఇంకో మారిఫే ఎక్కడ దొరుకుతుంది?"

ఆమె గొడుగు అతని వైపు కాస్త జరిపింది. "మేడమ్ అనకు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా. మా లోలాను అడుగు. ఆవిడ ఊ అంటేనే ఇంట్లో ఏదైనా జరుగుతుంది."

"అవ్వను ఏమని అడగాలి?"

"తెలియకుండానే వస్తావా? ముందు నా మీద పరీక్షించి చూడు. తప్పులుంటే ఇక్కడే దిద్దుకుందాం."

జున్‌రే నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "లోలా, నా పేరు జున్‌రే. నేను కొంచెం బద్ధకస్తుణ్ణి. మీ మనవరాలి కోసం మానేస్తున్నాను. ఆమె లేకపోతే నాకు ఏ రోజూ రోజులా ఉండదు. ఆమెను నాకివ్వండి."

"లోలాకు చెవుడు. గట్టిగా చెప్పాలి."

గట్టిగా చెప్పాడు. కింద మూటలు మోసేవాళ్ళు ఆగి ఈల వేశారు.

"మళ్ళీ," అంది మారిఫే.

మళ్ళీ చెప్పాడు. గొంతు బొంగురుపోయింది.

"ఇంకోసారి."

"తప్పెక్కడుంది మారిఫే? చెబితే దిద్దుకుంటాను."

"తప్పేమీ లేదు," అంది ఆమె, ముఖం సముద్రం వైపు తిప్పుకుని. "నువ్వు చెప్పు."