తొలి గుక్క

పాత బీచ్ రోడ్డు సముద్రంలో మునిగిపోయాక విశాఖ జనానికి స్తంభాల మీద నడిచే ట్రాములే దిక్కయ్యాయి. ఆ ఉదయం భీమిలి వైపు వెళ్లే ట్రాములో డాక్టర్ వకుళకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా కాలేజీ అమ్మాయి ఒకతె కళ్లు మూసుకుని కూర్చుంది. ఆమె చెవి వెనక రూపాయి బిళ్లంత పరికరం పచ్చగా వెలుగుతోంది. కాసేపటికి ఆ అమ్మాయి గొంతు ఏదో మింగినట్టు కదిలింది. మూసిన కళ్లలోంచి నీళ్లు జారాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది వకుళ.

అమ్మాయి నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "బాగానే ఉంది ఆంటీ. 'తొలి గుక్క' పెట్టుకున్నాను. ఎన్నిసార్లు పెట్టుకున్నా ఏడుపొచ్చేస్తుంది. మీరింకా చూళ్లేదా?"

"ఏమిటది?"

"ఎవరో గొంతు కాన్సర్ పేషెంటుదట. చాలా రోజుల తర్వాత మొదటిసారి నోటితో ఏదో తాగింది. అబ్బ, ఆ హాయి మాటల్లో చెప్పలేం. మా హాస్టల్లో పొద్దున్నే అందరికీ ఇదే. నేనైతే కాఫీ మానేశాను. కావాలంటే మీకూ పంపిస్తాను."

వకుళ వద్దంది. తెలియనట్టు అడిగింది గానీ ఆ గుక్క ఆమెకు బాగా తెలుసు. దాన్ని భద్రపరచినది ఆమే.

ఒకప్పుడు కాన్సర్ రోగుల బతుకు ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి ప్రశ్నపత్రాలు ఉండేవి. నిద్ర పడుతోందా, తిండి సహిస్తోందా, దిగులుగా ఉంటోందా అని అడిగి, ఒకటి నుంచి నాలుగు దాకా ఏదో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టమనేవారు. కణితి ఎంత తగ్గిందో స్కానింగు చెప్పేది. మనిషి ఎంత మిగిలాడో ఆ అంకెలు చెప్పాలి, కానీ అవి చెప్పలేకపోయేవి. చాలామంది రోగులు నర్సు ముఖం చూసి, ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక, 'ఫరవాలేదు' అనే అంకెనే చుట్టేవారు.

వకుళ బృందం తయారుచేసిన 'అనుభవ పట్టీ' ఆ ప్రశ్నపత్రాలకు స్వస్తి చెప్పింది. చికిత్స జరిగినన్నాళ్లూ అది రోగి మెడ వెనక అంటుకుని ఉంటుంది. నాడుల్లో నడిచే నొప్పినీ ఆకలినీ భయాన్నీ ఊరటనూ సంకేతాలుగా రాసుకుంటుంది. చెవి వెనక పెట్టుకునే 'అనుస్పర్శిని' అనే రెండో పరికరం ఆ సంకేతాలను ఇంకొకరి నాడుల మీద పలచగా పరుస్తుంది. అసలు నొప్పిలో ఐదో వంతుకు మించి దాటనివ్వదు. ఏ మందు రోగిని ఎంత హింసిస్తుందో ఆ మందు తయారుచేసేవాళ్లు తమ ఒంటితోనే తెలుసుకోవచ్చు. అలా వేలమంది రోగుల అనుభవాలను, బయటివాళ్లకు పేర్లు తెలియకుండా, భీమిలి కొండమీద 'అనుభవ భాండారం'లో దాచారు. పరిశోధన కోసమని చెప్పి ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు.

అయితే ఒక్కో రికార్డు నెలల పొడుగు ఉంటుంది. అంత ఓపిక ఎవరికుంటుంది? గంటల తునకలుగా కత్తిరించి ఇస్తే పంచుకోవడం తేలికవుతుందని సలహా ఇచ్చింది వకుళే. ఆ సలహాకు బహుమానం కూడా వచ్చింది.

భాండారానికి చేరగానే ఆమె ప్రభుదాసును పిలిచింది. అక్కడి డేటా మొత్తం చూసుకునే ఇంజనీరు అతను. పదేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు.

"మన డేటాని ఏడాదిలో కోట్లసార్లు వాడుకున్నారని మొన్న సభలో గొప్పగా చెప్పాను, ప్రభుదాసు గారూ. ఏ తునకలు వాడుకున్నారో మనం ఎప్పుడైనా చూశామా?"

"లేదు మేడమ్," అన్నాడతను. "చూడాలని అనుకోలేదు."

గోడమీది తెరపై అతను వివరాలు తెరిచాడు. అన్నిటికన్నా పైన తొలి గుక్క ఉంది. దాని కింద వాంతులు ఆగిన పూట, జ్వరం దిగిన సాయంత్రం, నొప్పి మందు పనిచేసిన తొలి నిమిషాలు, కణితి కనబడలేదని డాక్టరు చెప్పిన క్షణం. ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు తనంతట తాను ఎన్నటికీ పుట్టించుకోలేని ఊరటలు అవి. ఇక నొప్పి గంటలూ భయం గంటలూ వేల సంఖ్యలో ఉన్నాయి. లెక్కలు కట్టే యంత్రాలు వాటిని చదివాయి. ఏ మనిషీ వాటిని చెవి వెనక పెట్టుకోలేదు.

"ఒళ్లు బాగున్నవాడికి దాని రుచి తెలియదు మేడమ్. తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకుంటున్నారు."

"వినోదానికి తీసుకున్నవాళ్ల అనుమతులన్నీ రద్దు చేయండి. ముందు ఎవరెవరో చూపించండి."

ప్రభుదాసు చెయ్యి తెర దగ్గరే ఆగిపోయింది. "మన భవనంలోంచి తీసుకున్నవీ ఉన్నాయి మేడమ్. నావి ఉన్నాయి. మా అమ్మాయి పెళ్లి చెడిపోయిన రోజుల్లో అలవాటైంది." అతను నేల చూశాడు. "ఇంకొందరివీ ఉన్నాయి."

ఆ ఇంకొందరి పేర్లు తెరమీదికి రాకముందే అతను దాన్ని ఆర్పేశాడు. వకుళకు చెవులు వేడెక్కాయి. ఏడాదిగా ఇంటికి బయల్దేరే ముందు ఆమె గది తలుపు గడియ పెట్టుకుని ఆ గుక్కను పెట్టుకుంటోంది. రికార్డు నాణ్యత చూస్తున్నానని తనకు తానే చెప్పుకునేది. ఇతనికి మొదటినుంచీ తెలుసన్నమాట. తెలిసే రోజూ నమస్కారం పెడుతున్నాడు.

ఇచ్చిన పనికి కాక వేరే పనికి డేటా వాడితే దాత ఇంటికి వెళ్లి చెప్పాలని భాండారం నియమం. ఆ నియమం రాసింది కూడా వకుళే. మూడో రోజు ఆమె గాజువాకలో తొలి గుక్క దాత వరహాలమ్మ ఇంటికి వెళ్లింది.

వరహాలమ్మకు అరవై దాటాయి. ఓడరేవు దగ్గర చెల్లెలితో కలిసి ఏళ్లతరబడి భోజనం మెస్సు నడిపింది. కాన్సర్ నయమైంది గానీ గొంతు బొంగురుపోయి గుసగుసలా మిగిలింది. వకుళను చూడగానే ఆమె కుర్చీ తుడిచి వేసింది.

"కూకోండి డాక్టరమ్మా. నానిచ్చినది ఏటైనా పనికొచ్చినాదా? నాలాటోళ్లకి కొత్త మందేదైనా కనిపెట్టినారా?"

వకుళ మొదట అవునందామనుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వరహాలమ్మ ఎదురుచూపు చూశాక అనలేకపోయింది. ట్రాములో అమ్మాయి గురించి, హాస్టల్ గురించి, కోట్లమంది గురించి చెప్పింది. తన గది గడియ గురించి మాత్రం చెప్పలేదు.

వరహాలమ్మ నమ్మలేనట్టు అడిగింది.

"ఆ అంబలేనా? పొద్దున్న తాగినాను, అదేనా?"

"అదేనమ్మా."

"దాని ముందర వారం ఎవులూ సూళ్లేదా?"

"లేదమ్మా."

"ఆ వారం కోసమే కదమ్మా ఇచ్చినాను!" గుసగుస గొంతు చీలింది. "రేడియేసను కరెంటు పెట్టినాక గొంతంతా పుండైపోనాది. ఉమ్ము మింగాలన్నా పేణం పోయేది. మా చెల్లి నీలవేణి చోడి అంబలి కాచుకొచ్చి, చెంచా పట్టుకుని రోజంతా కూకునేది. ఒకరోజు ఆ గిన్నె తీసి దాని మీదకే ఇసిరీసినాను. మాట రాదు కదా, పలక మీద రాసినాను, నా చావు నన్ను చావనియ్యీ, నీ మొకం సూపించకు అని. అది బయటికెల్లి ఏడ్చుకుని, మొకం కడుక్కుని, మళ్లీ కాచుకొచ్చినాది. ఆరు రోజులు అలగే. ఏడో రోజు పొద్దున్న ఒక గుక్క దిగినాది. అది అంబలి రుచి అనుకున్నారేటి మీరందరూ?"

ఏడాదిపాటు వకుళ కూడా అది రాగి అంబలి రుచే అనుకుంది.

"నా చెల్లి పోయి రెండేళ్లయినాది. ఆ గుక్క ఎవులికీ ఇవ్వకుండా నా కాడే ఉంచుకుందును. ఆ వారం ఉంది సూడండి, అది మీరు సూసి, ఇంకొకరికి అలగ కాకుండా చేస్తారని ఇచ్చినాను."

తిరిగి వచ్చాక వకుళ తునకల పద్ధతిని ఎత్తేసింది. ప్రభుదాసు 'జంట తాళం' తయారుచేశాడు. ఇకమీద ఏ ఊరటనూ విడిగా తీసుకోవడం కుదరదు. దాని ముందరి రోజుల్ని ఒక పూటకు కుదించి జోడించారు. ఆ పూట దాటితేనే గుక్క దొరుకుతుంది. ఎవరైనా మధ్యలో తీసేస్తే, ఎందుకు తీసేశారో ఒక మాట రాసి ఆ రికార్డుకు జతచేయాలి. అది కూడా అందరూ చూడవచ్చు.

నెల తిరిగేసరికి గగ్గోలు పుట్టింది. లక్షలమంది మొదలుపెట్టారు. ఒక్కరూ చివరిదాకా పోలేదు. కారణాలు రకరకాలుగా రాశారు. ఫోను వచ్చిందన్నారు కొందరు, పిల్లవాడు లేచాడన్నారు కొందరు, పరికరం పాతదన్నారు ఇంకొందరు. మనుషులెవరూ భరించలేనిదాన్ని డేటా అని ఎలా అంటారని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నిలదీశారు. భాండారానికి విరాళమిచ్చే సంస్థ కూడా అదే అడిగింది.

"నేను చివరిదాకా ఉండి చూపిస్తాను. ఐదో వంతు నొప్పే కదా," అంది వకుళ.

వరహాలమ్మకు కూడా కబురు పెట్టింది. ఆమె ఎదుటే, ఆ వారాన్ని ఒక మనిషైనా పూర్తిగా చూసిందనిపించాలని వకుళ కోరిక. చేసిన తప్పుకు అది కాస్తయినా సరిపోతుందని మనసులో ఎక్కడో లెక్క కూడా ఉంది. వరహాలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ప్రభుదాసు అనుస్పర్శిని అందించాడు.

మొదట గొంతులో చిన్న మంట. ఆ మాత్రం ఆమె ఊహించిందే. తర్వాత నోట్లో ఉమ్ము చిక్కగా, జిగురు దారంలా నిండింది. అలవాటుకొద్దీ మింగబోయింది. గాజుపెంకు మింగినట్టయింది. మళ్లీ ఊరింది. మింగక తప్పదు, మింగలేదు. అప్పుడే వార్డు తలుపు వైపు నుంచి గిన్నె చప్పుడు లాంటిదేదో తెలిసింది. దాంతోపాటే మనసులోకి అసహ్యం ఎగదన్నింది, వస్తున్న మనిషి మీద, ఆమె ప్రేమ మీద. ఈ మనిషి ఇప్పుడే చచ్చిపోతే బాగుండును అనిపించింది. అది తన కోరికో వరహాలమ్మ కోరికో వకుళకు తెలియలేదు.

చెవి వెనకనుంచి పరికరాన్ని పీకేసింది.

వరహాలమ్మ కుర్చీలో ముందుకు వంగి చూస్తోంది. రికార్డులో గిన్నె ఇంకా మంచం దగ్గరికి కూడా రాలేదు. ఆ వారంలో మొదటిరోజు పొద్దుటి పూటే అది.

"పరికరంలో ఏదో లోపం ఉన్నట్టుంది," అంది వకుళ. గొంతు మామూలుగానే పలికింది.

ప్రభుదాసు దాన్ని అందుకుని అటూఇటూ తిప్పి చూశాడు. పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. అతను అబద్ధం ఆడలేడు, ఆమెను అవమానించనూ లేడు. కీబోర్డు మీద వేళ్లు పెట్టి, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏ లోపమని రాయమంటారు మేడమ్?"

వకుళ చూపు ఆ పచ్చ దీపం మీదే ఉంది.

వరహాలమ్మ లేచి దగ్గరికొచ్చింది. వకుళ నుదుటి చెమటను చీర చెంగుతో తుడిచింది.

"నొప్పేసినాదని రాసియ్యి బాబూ. నొప్పేసినాది, తీసీసినాది. అందులో తప్పేటుంది?" అంది ఆ గుసగుస గొంతుతోనే. "నాకు తీసీడానికి కుదరలేదు గానీ, కుదిరుంటే నానూ తీసీద్దును."

ప్రభుదాసు అలాగే రాశాడు. వకుళ తల దించుకుని ఉంది. ఆ చీర చెంగు తన నుదుటి మీద ఉన్నంతసేపూ ఆమె కళ్లెత్తి చూడలేకపోయింది.