గడ్డకట్టని సీసా

ఉదయం పది దాటింది. మచిలీపట్నం ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెల మధ్య సైంటిస్టు ప్రకాశరావు పడి ఉన్నాడు. మెడలో ఇనప ఊచ దిగి ఉంది. పొడిచినవాడు ఏజెంట్ సుందరరాజు తూటాకి గుమ్మంలోనే కూలిపోయాడు.

ప్రకాశరావు సుందరరాజు చెవిలో ఒక్క మాట చెప్పి ప్రాణం వదిలాడు. ఉప్పు కలిపిన ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెను మాత్రం వదల్లేదు. దాన్ని వేళ్లు విడదీసి తీసుకోవాల్సి వచ్చింది.

ఫోన్లో చీఫ్ వేదవతి బ్రీఫింగ్ క్లుప్తంగా ఉంది.

"పెట్టెలో రెండు సీసాలు. ఒకటి లైగేజ్, ఒకటి ఉత్త నీళ్లు."

"లైగేజ్ అంటే ఏంటండీ?"

"తెగిన డి.ఎన్.ఏ. కొసల్ని అతికే ఎంజైమ్. మన కణాల్లో రోజూ రిపేరు చేసేది అదే. కార్ల్ అనేవాడి ముఠా రొయ్యల వైరస్‌ని ముక్కలుగా తెచ్చింది. ముక్కలుగా ఉన్నంతసేపు చచ్చిన పామే. ఈ లైగేజ్ తగిలితే లేచి కాటేస్తుంది. వారంలో దివిసీమ చెరువులు ఖాళీ."

సుందరరాజు పెట్టె మూత ఇంకాస్త బిగించాడు. నాగాయలంకలో అక్క వెంకాయమ్మ బతుకంతా నాలుగెకరాల రొయ్యల చెరువే.

"ఏది అసలుదో ప్రకాశరావు చెప్పాడండీ."

"ఫోన్లో వద్దు. మెయిన్ రోడ్డు మీద వాళ్ల మనుషులున్నారు. చల్లపల్లిలో మన సింధూర కారుతో ఉంటుంది."

సింధూరది గుడివాడ. తండ్రి పేరుమోసిన రొయ్యల వ్యాపారి. కలంకారీ చీర, నల్ల కళ్లజోడు, పెదాల మీద నవ్వు.

"రొయ్యల పట్టుబడి ఎప్పుడండీ?" అన్నాడు సుందరరాజు, చల్లపల్లిలో ఆమె కారు దగ్గరికొచ్చి.

"అమావాస్య వెళ్లాక."

కోడ్ కుదిరింది. కారెక్కగానే మెడలో సూది దిగింది.

మెలకువ వచ్చేసరికి చెరువుగట్టు మీది మోటారు షెడ్డులో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. ఎదురుగా వైరస్ ముక్కలున్న టెస్ట్‌ట్యూబుతో కార్ల్, పెట్టె తెరిచి సింధూర. ఒక సీసా రాయిలా గడ్డకట్టింది. రెండోదాంట్లో ద్రవం కదులుతోంది.

"ఏది అసలుది బావా?"

చిటికెన వేలు విరిచింది. పళ్లు బిగించాడు. రెండో వేలు. అరిచాడు. మూడో వేలికి ఓడిపోయాడు.

"గడ్డకట్టనిది" అని నిజం చెప్పేసి, అక్క ముఖం గుర్తొచ్చి ఏడ్చాడు.

సింధూర నవ్వింది. "ఐసులో పుట్టి పెరిగినదాన్ని. గడ్డకట్టని సరుకు కుళ్లిన సరుకు. నాకా చెప్తున్నావ్ కథలు?"

ఆ సీసాని నేలకేసి కొట్టి మడమతో నూరేసింది. గడ్డకట్టినదాన్ని గుప్పిట్లో కరిగించి కార్ల్ ట్యూబులో పోసింది. కార్ల్ గట్టు మీదికి నడిచాడు. వైరస్ కొనడం తెలుసు గానీ చదువు లేదు.

సుందరరాజు వాచీలోని బ్లేడు తాడు తెంపింది. ట్యూబు చెరువులో ఒలుకుతుండగా కార్ల్ మీద పడ్డాడు. ఇద్దరూ నీళ్లలో దొర్లారు. చెరువు నీటిని చిలుకుతున్న ఏరేటర్ చక్రం కార్ల్ పుర్రెను చితక్కొట్టింది. సింధూర పేల్చిన తూటా సుందరరాజు భుజాన్ని చీల్చుకుపోయింది. రెండోది పేల్చేలోపే అతను గట్టెక్కి ఆమె మణికట్టు విరిచేశాడు.

మోకాళ్ల మీద కూలబడి కూడా ఆమె నవ్వింది. "వైరస్ చెరువులో కలిసిపోయింది. ఇంక నన్ను చంపినా లాభం లేదు."

"కలిసినవి ఉత్త ముక్కలు. వాటిలో నువ్వు పోసింది నీళ్లు. లైగేజ్ నీ చెప్పుకింద ఉంది."

సింధూర ముఖం పాలిపోయింది. "మరి గడ్డకట్టలేదేం?"

"గడ్డకట్టకుండా గ్లిజరిన్ కలిపి దాస్తారట. మీ నాన్నగారు రొయ్యల్లో నీళ్లే కలిపేవారనుకుంటా."