చీపుళ్లు వెళ్లిపోయిన దారి

ఆశ్వయుజ శుద్ధ దశమి నాడు, తెల్లవారేసరికి, మొగలిదుర్గం రాజ్యంలో చీపుళ్లు, చేటలు, తిరగళ్లు మాయమయ్యాయి. గుడిసెల్లోవీ పోయాయి, కోటలోవీ పోయాయి. తాళం వేసిన గదుల్లోంచి కూడా పోయాయి. తాళాలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి.

మొదటిరోజు జనం నవ్వుకున్నారు. రెండోరోజుకు వీధుల్లో చెత్త మడమల దాకా వచ్చింది. ఇళ్లలో జొన్నలు ఉన్నాయి, పిండి లేదు. పిల్లలు నానబెట్టిన జొన్నలు నమిలి, కడుపునొప్పితో ఏడ్చారు.

కేతవర్మ మహారాజు విచారణ జరిపించాడు. నవమి సాయంత్రం కోట వాకిలి ఊడ్చి, చీపురును గోడకు ఆనించి వెళ్లింది పైడమ్మ. ఆ చీపురును చివరగా ముట్టుకున్నది ఆమే కాబట్టి, ఇది ఆమె చేసిన మాయే అన్నాడు మంత్రి. పౌర్ణమి నాడు పొద్దు పొడిచేలోగా సామాను తిరిగి రాకపోతే పైడమ్మను రాజ్యం నుంచి వెళ్లగొట్టాలని రాజు తీర్పు చెప్పాడు. అప్పటిదాకా ఆమెను చెరలో ఉంచారు.

పురోహితుడి ఆలోచన వేరు. నవమినాడు కత్తులకూ నాగళ్లకూ పూజ చేశారు, చీపుళ్లను మరిచారు, అందుకే అలిగాయి అన్నాడు. పసుపు, కుంకుమ, పూలదండలు పట్టుకుని, సేనాధిపతిని వెంటబెట్టుకుని, తిరగళ్లు దొర్లిన చాళ్ల వెంట అడవిలోకి వెళ్లాడు. ఇద్దరూ తిరిగి రాలేదు.

పైడమ్మకు ఒక్కతే కూతురు, మంగతాయి. పన్నెండేళ్లది. ఆ పిల్ల చెర కిటికీ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నేను పోయి తెస్తానే."

"సేనాధిపతే తిరిగి రాలేదు. నువ్వు తెస్తావా?"

"దుమ్ములో ఎవరు ఎటు నడిచారో నాకు తెలుస్తుంది కదా."

"పొద్దున లేచి ఊడవవే అంటే ముసుగు తన్నేదానివి. ఇవెప్పుడు చూశావే?"

"ఊడవమన్నావు. చూడొద్దనలేదుగా."

పైడమ్మ నవ్వింది. ఆ తర్వాత కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి కూతురి జడ బిగించి కట్టింది.

అడవిలో ఒక వాగు అడ్డం వచ్చింది. చాళ్లు అక్కడితో ఆగిపోయాయి. మంగతాయి గట్టు వెంట పైకి నడిచింది. ఒకచోట ఇసుకలో సన్నగా గీతలు ఉన్నాయి, పుల్లలు ఈడ్చినట్టు. అక్కడే వాగు దాటింది. చతుర్దశి మధ్యాహ్నానికి ఒక గుహ దగ్గరికి చేరింది.

గుహలో సామాను కుప్పలుగా ఉంది. కుప్పల మధ్య ధూళికేతుడనే రాక్షసుడు, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మానికి అటొకరు ఇటొకరు పురోహితుడు, సేనాధిపతి నిలబడి ఉన్నారు. మెడ దాకా మట్టి బొమ్మలైపోయారు. తలలు మాత్రం మనుషులవే.

"ఇంకొకతి వచ్చిందా!" అన్నాడు రాక్షసుడు. "వీటి లొడలొడతో నాకు నిద్ర లేదు పిల్లా."

"అయితే పంపించేయి మామా."

"నేనేమన్నా కట్టేశానా? ఒక్క మాట అడిగాను. 'మీరేం ఇచ్చారో ఆ ఊళ్లో ఒక్కరైనా చెప్పగలరా?' అని. చెప్పలేరు అన్నాయి. లేచి నా వెంట వచ్చేశాయి. చీపురుకు, చేటకు, తిరగలికి నిజం చెప్పినవాళ్ల వెంట అన్నీ తిరిగి వెళ్తాయి. అబద్ధం చెబితే మాత్రం ఈ గుహ ఊరుకోదు. మట్టే."

మంగతాయి గుమ్మం వైపు చూసింది. "మీరేం చెప్పారయ్యా?"

"చీపురు నా ప్రాణం అన్నాను," అన్నాడు సేనాధిపతి.

"నువ్వు సాక్షాత్తు లక్ష్మివి అన్నాను నేను," అన్నాడు పురోహితుడు. "నవమి నాడే చీపురు తగిలిందని రెండోసారి స్నానం చేశాను. అది దానికి గుర్తుంది."

కుప్పలోంచి ఒక చీపురు లేచి వచ్చింది. "నేను నీకేం ఇచ్చాను?"

"నువ్వంటే నాకు చాలా ఇష్టం."

మంగతాయి కాళ్లు మోకాళ్ల దాకా మట్టి అయ్యాయి.

"అంతే, అలాగే మొదలవుతుంది," అన్నాడు పురోహితుడు.

"ఇష్టం లేదు!" అని అరిచింది మంగతాయి. "నడుము పట్టేస్తుంది. చలికాలం మరీనూ." మట్టి అక్కడితో ఆగింది. చీపురు కదలలేదు.

ఆమె కొంతసేపు ఆలోచించింది. "కానీ వాకిలి అందరికంటే ముందు నేనే చూస్తా. రాత్రి ముంగిస వచ్చిందా, పాము పోయిందా, అన్నీ దుమ్ములో ఉంటాయి. చెరిపేముందు చూసుకుంటా. నువ్వు లేకపోతే ఆ వేళప్పుడు లేచేదాన్నే కాదు."

చీపురు ఆమె పక్కకు వచ్చి నిలబడింది. కాళ్లు మామూలయ్యాయి.

చేట వచ్చి అదే మాట అడిగింది.

"నిన్ను పట్టుకుంటే పొట్టు కళ్లలో పడుతుంది," అంది మంగతాయి. "కానీ నువ్వు నూకలు విడదీస్తావు. వాటిని పిచ్చుకలకు వేస్తా. మా వీధిలో నన్ను చూసి అవి చూరులోంచి దిగివస్తాయి. ఇంకెవరిని చూసినా ఎగిరిపోతాయి."

చేట చీపురు పక్కన చేరింది.

తిరగలి దొర్లుకుంటూ వచ్చి ఆగింది.

"నీ వల్ల అరచేతులు బొబ్బలెక్కుతాయి," అంది మంగతాయి.

"అది నేనిచ్చిందా?"

"ఉండు, ఆలోచిస్తున్నా. నువ్వే చెప్పకూడదా?"

"కూడదు."

బయట పొద్దు వాలుతోంది. తెల్లవారితే తల్లిని పొలిమేర దాటిస్తారు. సేనాధిపతి, "ఏదో ఒకటి చెప్పమ్మాయ్," అన్నాడు. "నోరు మూసుకో," అన్నాడు రాక్షసుడు. అతను చెవుల్లోంచి దూది తీసి ముందుకు వంగి కూర్చున్నాడు.

"మా అమ్మ పొద్దంతా కోటలోనే ఉంటుంది," అంది మంగతాయి నెమ్మదిగా. "ఇంటికొచ్చాక వంట, నీళ్లు. నాతో కూర్చునేది నీ దగ్గరే. ఎదురెదురుగా కూర్చుంటాం. ఒకే పిడి ఇద్దరం పట్టుకుంటాం. 'ఇవాళ ఏం చేశావే' అని అప్పుడే అడుగుతుంది. నువ్వు బరువు కాబట్టి నేనూ కావాలి. తేలికైతే అమ్మ ఒక్కతే తిప్పుకునేది."

తిరగలి గుమ్మం వైపు దొర్లింది. కుప్పలన్నీ దాని వెనక కదిలాయి.

"మా సంగతో?" అన్నాడు సేనాధిపతి.

"మీరూ ఒక నిజం చెప్పండి," అన్నాడు రాక్షసుడు.

"నేను పుట్టి బుద్ధెరిగి చీపురు పట్టలేదు."

"నేనూ అంతే," అన్నాడు పురోహితుడు.

మట్టి పగిలి రాలింది. రాక్షసుడు రాలిన మట్టిని చూశాడు. "పిల్లా, ఒక చీపురు వదిలి పోతావా?"

"ఊడవడం వచ్చా మామా?"

"నేర్చుకుంటాను."

ఈనెలు అరిగిన చీపురొకటి తనంతట తానే వెనక్కి వెళ్లింది.

పౌర్ణమి ఉదయం భటులు పైడమ్మను పొలిమేరకు తీసుకువచ్చారు. సూర్యుడు ఇంకా పైకి రాలేదు. అడవి దారిలో దుమ్ము లేచింది. ముందు చీపుళ్లు, వెనక చేటలు, ఆ వెనక తిరగళ్లు వచ్చాయి. మంగతాయి ఒక తిరగలి పక్కన నడుస్తోంది. భటులు పైడమ్మ చేతుల కట్లు విప్పారు.

రాజు సభ చేసి పైడమ్మను క్షమాపణ అడిగాడు. మంగతాయిని పిలిచాడు.

"ఏం కావాలో కోరుకోమ్మా."

"రేపు ఒక్క పూట మా అమ్మకు సెలవు కావాలి మహారాజా."

"మరి కోట వాకిలి ఎవరు ఊడుస్తారు?"

"మీరున్నారుగా."

మంత్రి దగ్గాడు. రాజు, "చీపురు ఎటువైపు పట్టుకోవాలి?" అని అడిగాడు.

మర్నాడు కోట వాకిలి కేతవర్మ ఊడ్చాడు. సేనాధిపతి చెత్త ఎత్తాడు. పైడమ్మ పొద్దెక్కేదాకా నిద్రపోయింది.