తలుపుల్లేని హాలు

ఆ రోజు జీవన్ కుమార్ చేయాల్సిన పనులు నాలుగు. తొమ్మిదింటికల్లా మచిలీపట్నం ఆఫీసుకి చేరాలి. అక్కడి తీర రక్షణ రాడార్ మ్యాప్‌ని విదేశీ ముఠాకి అందిస్తున్నదెవరో కనిపెట్టాలి. కాపీ చేస్తుండగా పట్టుకోవాలి. అంతవరకూ ఏడవకూడదు.

నాలుగోది పొద్దున్నే చేరింది. నాగాయలంక రేవులో పీతల వ్యాపారి వేషంలో ముఠా పడవ కోసం కాపు కాసిన ఏజెంట్ ఎలీషాని తెల్లవారుజామున ఎవరో కాల్చి చంపారు. జీవన్‌కి ఈ పని నేర్పింది ఆయనే. "అల్లుడూ" అనడమే తప్ప పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు.

బస్సు దిగుతుండగా గుడివాడ నుంచి చీఫ్ గోవర్ధనరావు ఫోన్.

"ఏజెంట్ సెవెంటీన్, నిన్న ఎలీషాతో ఎక్కణ్ణుంచి మాట్లాడావు?"

"నా సీట్లోంచే సార్."

"అరవై మంది మధ్యనా?"

"గోడల్లేవు సార్, అంతా ఒకటే హాలు. మెట్ల మీద కూడా జనమే. ఆ గోలలో మావయ్యకి వినపడక 'నాగాయలంక, ఐదింటికి' అని రెండుసార్లు గట్టిగా చెప్పాను. దగ్గరున్నది స్వర్ణలత గారొక్కరే. ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉన్నారు."

"ఈ మధ్యాహ్నమే మ్యాప్ కాపీ అవుతుందని సమాచారం. చూసుకో."

స్వర్ణలతది ఎదురు సీటు. చేరి నెలే అయింది, హాలు చూపంతా ఆవిడ మీదే.

"ఏంటండీ జీవన్ గారూ, కళ్ళంత ఎర్రగా ఉన్నాయి?"

"పెళ్ళిచూపులనుకుంటా, నిద్ర పట్టలేదు పాపం!" అన్నాడు పక్క సీటు చలపతిరావు.

హాలంతా నవ్వింది. జీవన్ కూడా నవ్వాడు. బాత్రూం ముందు కూడా క్యూ ఉండే ఆ ఆఫీసులో ఏడవడానికి చోటేదీ?

అప్పుడు తట్టింది. తనకి చాటు లేకపోతే దొంగకీ లేదు. ఎవరి స్క్రీనైనా పదిమందికి కనపడుతుంది. ఇక కాపీ చేసేదెప్పుడు? అందరూ కళ్ళు మూసుకున్నప్పుడే.

ఎవరింట్లో కష్టమొచ్చినా భోజనాల ముందు హాల్లో అందరికన్నా పెద్దావిడ దయామణి గారు ప్రార్థన చేస్తారు. అందరూ, గుడికెళ్ళే చలపతిరావుతో సహా, లేచి కళ్ళు మూసుకుంటారు.

"అక్కా, మా మావయ్య పోయారు. ప్రార్థన చేయండి."

"అయ్యో నాయనా! పొద్దుట్నుంచీ చెప్పవేం?"

ఆవిడ గొంతు "ప్రేమగల తండ్రీ" అంటూ లేచింది. ఆ రోజు మొత్తమ్మీద ఏడ్చుకోవడానికి దొరికిన నిమిషం అదొక్కటే. జీవన్ కళ్ళు తెరిచే ఉంచాడు.

ఎదురుగా ఇంకో రెండు కళ్ళు తెరుచుకున్నాయి. స్వర్ణలత చేతికున్న చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజు రెండుగా విడింది. అందులోని పెన్‌డ్రైవ్ కంప్యూటర్లో దిగింది. తొంభై ఏడు శాతం. తొంభై ఎనిమిది. జీవన్ బల్ల మీదుగా దూకి లాగేశాడు. తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. దయామణి గారింకా ఆమేన్ అనలేదు.

స్వర్ణలత హెడ్‌ఫోన్స్ తీసి తన చెవికి పెట్టుకున్నాడు. పాట లేదు. అసలేమీ లేదు. నెలరోజులుగా అతను గోడ అనుకున్నది దాన్నే.

"నేనేం పొంచి వినలేదండీ," అంది స్వర్ణలత. "మీరే గట్టిగా చెప్పారు."

వారం తిరక్కుండా, ఆఫీసు పక్క వీధిలో జీవన్‌కి ఒక గది మంజూరైంది. తలుపు, గొళ్ళెం, ఫోను అన్నీ ఉన్నాయి. 'మా అల్లుడు ప్రశాంతంగా మాట్లాడుకోవడానికి' అని రెండు నెలల కిందట అర్జీ పెట్టింది ఎలీషా. మన శాఖలో ఏదైనా టయానికే వస్తుంది.

మీరెప్పుడైనా తలుపేసుకుని మీ వాళ్ళతో మాట్లాడుకుంటే, ఆ ఎలీషా గారిని ఒక్కసారి తలుచుకోండి.