రెండు రోజులు ఆగాల్సిన మూత

మా పరిచయమే నేను చేసిన ఆరు వందల డబ్బా మూతలను ల్యాబ్‌లో ఆవిడ తిప్పి పంపడంతో మొదలైంది.

"ల్యాబ్ మేడమ్ గారూ, మిషన్‌లోంచి తీయగానే నేనే పెట్టి చూశాను. డబ్బాకి టక్కున పట్టాయి!"

"తీయగానే చూశారు, అదే తప్పు. ఇవి మొన్నటివి. ఇప్పుడు పెట్టండి."

పెట్టాను. ఎక్కలేదు. గట్టిగా నొక్కితే ఫట్‌మని పగిలింది, దాంతోపాటు నా పరువూ పోయింది. పన్నెండు సెకన్లకో మూత తీస్తానని ఫ్యాక్టరీలో నన్ను ఎక్స్‌ప్రెస్ అంటారు మరి.

ఆవిడ మూతలోంచి పల్చటి పొర కోసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. అంచంతా నలుపు, మధ్యలో రంగురంగుల పువ్వులు.

"ప్లాస్టిక్ అంటే పొడుగాటి గొలుసులు. నిదానంగా చల్లారితే వరసగా సర్దుకుని ఇలా పువ్వులవుతాయి. మీ అచ్చు మరీ చల్లగా ఉంది, అంచుకి ఆ టైమే దొరకలేదు. బయటికొచ్చాక సర్దుకోబోయి మూత కుంచించుకుపోయింది. అందుకే రెండు రోజులాగి కొలుస్తాం. వింటున్నారా?"

"ఆఁ, పువ్వులు బావున్నాయి."

"పువ్వులు మైక్రోస్కోప్‌లో ఉన్నాయి. మీరు చూసేది నన్ను."

దొరికిపోయాను. అచ్చు వేడి పెంచాను, పన్నెండు సెకన్లు ఇరవై చేశాను. మూడు వారాలు శాంపిళ్లు నేనే మోసుకెళ్లాను. ఆవిడ ప్రతిదాని మీదా తేదీ, టైమూ రాసి స్టిక్కర్ అంటించేది.

ఓ గురువారం బయట వాన దంచుతుంటే, ఆవిడే చల్లగా చెప్పింది. "ఆదివారం పెద్దనాన్న నాకో సంబంధం తెస్తున్నాడు."

చేతిలోని శాంపిళ్లు దించకుండానే అనేశాను. "వద్దు! నన్ను చేసుకోండి!"

ఆవిడ స్టిక్కర్ మీద ఏదో రాసి నా జేబుకి అంటించింది. గురువారం, మూడూ పది.

"ఇప్పుడు వేడి మీదున్నారు. శనివారం ఇదే టైముకి రండి. అప్పటికీ మాట మారకపోతే చూద్దాం."

స్టిక్కర్ ఊడుతుందని రెండు రోజులూ అదే చొక్కా వేసుకున్నాను. అమ్మ ముక్కు మూసుకుని అన్నం పెట్టింది.

శనివారం మూడూ పదికి ల్యాబ్‌లో ఉన్నాను. "మారలేదండీ. నాకు మీరే కావాలి. మరి రేపటి సంబంధం?"

"వద్దని గురువారమే చెప్పేశాను."

"గురువారమా! మరి నన్నెందుకు రెండు రోజులు ఆపారు?"

"తొందరపడింది మీరు. నేను మూడు వారాలుగా మిమ్మల్ని కొలుస్తూనే ఉన్నా."

నా జేబు మీది స్టిక్కర్‌పై ‘పాస్’ అని రాసింది. "రేపు అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రండి. చొక్కా మాత్రం మార్చుకోండి."